ఒంటికి తొడుగు యంత్రములు, అడవి అంచు పల్లెలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఇల్లెందు దాపున నేలలో బొగ్గు కలదని భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో గుర్తించెను. 1889లో అచ్చట త్రవ్వకము మొదలైనది. బొగ్గు గనులలోనికి దిగు సర్దారు చేతిలో ఒక దీపముండెడిది. దానిచుట్టు సన్నని తీగెజాలి యుండును. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1815లో కనిపెట్టిన రక్షణదీపపు సంతతి అది. వెలుగునిచ్చుట దాని పనులలో చిన్నది. ఒత్తిని తగ్గించి గని కప్పు దగ్గరకు ఎత్తి పట్టినపుడు జ్వాలపై లేతనీలి టోపి వంటి కాంతి కనబడినచో అచ్చట మీథేను వాయువున్నదని అర్థము. ఆ టోపి ఎత్తునుబట్టి వాయువు పాలు ఎంతయో చెప్పెడివారు. దీపము కొండెక్కినచో ప్రాణవాయువు తగ్గినదని తెలిసికొని వెనుకకు మరలెడివారు. మనుష్యుని ముక్కునకు, కంటికి అందని సంగతిని అతడు వెంట మోసికొనిపోవు వస్తువు చెప్పుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు.

నేటి ప్రసంగ విషయము ఆ దీపమునకు దూరపు చుట్టము. వైద్యుడు అడిగిన ప్రశ్నకు యంత్రకారుడు సమాధానము వెదకు శాస్త్రమునకు జీవవైద్య యంత్రశాస్త్రమని పేరు. బయోమెడికల్ ఇంజనీరింగు అని కళాశాలలలో చెప్పుదురు. అందు రెండు శాఖలు నేడు వేగముగా పెరుగుచున్నవి. మొదటిది దేహముపై ధరించు గ్రాహకములు, అనగా సెన్సర్లు. రెండవది వర్చువల్ రియాలిటీ. దానిని కల్పిత ప్రత్యక్షమని తెలుగులో పిలువవచ్చును. మొదటిది దేహము లోపలి వార్తను బయటకు తెచ్చును. రెండవది బయట లేని లోకమును కంటికి చూపి దేహమును నమ్మించును. ఖమ్మము నుండి భద్రాచలము వరకు, ఆపై ఛత్తీస్‌గఢ్ హద్దు వరకు నున్న గూడెములకు ఇవి ఎంత ఉపకరింపగలవు, ఎచ్చట మోసగింపగలవు అనునదే ఇచ్చట విచారింపదగినది.

నాడి పట్టి రోగము తెలిసికొను వాడుక ఈ దేశమున ప్రాచీనమైనది. ఐరోపాలో జాన్ ఫ్లాయరు అను వైద్యుడు నాడిని లెక్కించుటకే ఒక గడియారము చేయించి, 1707లో దానిపై గ్రంథము వ్రాసెను. గుండె పుట్టించు విద్యుత్తును స్పష్టముగా కాగితముపై నిలుపు యంత్రము ఇరువదవ శతాబ్ది ఆరంభమున వచ్చినది. హాలెండు దేశీయుడైన ఐంతోవెన్ నిర్మించిన ఆ యంత్రము బరువు సుమారు 270 కిలోలు. నడుపుటకు ఐదుగురు కావలెను. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి తొట్లలో ఉంచి కూర్చుండవలెను. ఆ భారీ యంత్రమును ఆసుపత్రికి తరలించుట సాధ్యము కాక, ఐంతోవెన్ 1905లో ఆసుపత్రిలోని రోగి గుండె సంకేతములను టెలిఫోను తీగె ద్వారా ఒకటిన్నర కిలోమీటరు దూరముననున్న తన ప్రయోగశాలకు రప్పించెను. రోగి ఒకచోట, యంత్రము మరొకచోట ఉండి వైద్యము సాగవచ్చునను ఊహ ఆనాడే కార్యరూపము దాల్చినది. ఆయనకు 1924లో నోబెలు బహుమానము లభించినది.

అమెరికాలోని మొంటానా రాష్ట్రవాసి నార్మన్ హోల్టరు 1940ల చివర ఆ యంత్రమును మనుష్యుని వీపునకు ఎక్కించెను. దాని బరువు 38 కిలోలు. ధాన్యపు మూటలు మోసిన వారికి ఆ బరువెంతో చెప్పనక్కరలేదు. ఐనను మనుష్యుడు పనిచేయుచు తిరుగుచుండగా గుండె నడక తెలిసికొనుట దానివలన సాధ్యమైనది. ట్రాన్సిస్టరు వచ్చిన పిదప ఆ మూట క్రమముగా చేతిసంచి యంతయై, తరువాత జేబులో ఇమిడినది. నేడు ఛాతీపై అంటించు పట్టీలోనే గుండె వార్తను దినముల తరబడి వ్రాయు సాధనములున్నవి. 38 కిలోలు తమలపాకంత బరువైన చరిత్ర ఇది. బరువు తగ్గిన కొలది బాధ్యత కూడ తగ్గినదని మాత్రము భ్రమపడరాదు.

2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినపుడు ఆశా కార్యకర్తల చేతులలో బట్టలక్లిప్పు వంటి చిన్న యంత్రము కనబడినది. దానిపేరు పల్స్ ఆక్సీమీటరు. వ్రేలికి తొడిగిన కొన్ని క్షణములకు దానిపై అంకె వెలుగును. ఆ అంకె 95కు పైన నున్న ఇంటిలో ఉండవచ్చుననియు, బాగుగా దిగినచో ఆసుపత్రికి పోవలెననియు పల్లెలలో సైతము తెలిసినది. జపానులో తకువో అవోయగి కనిపెట్టి 1974లో లోకమునకు తెలిపిన సూత్రముపై అది పనిచేయును. అందరి ఇండ్లలోను ఆయన యంత్రము పేరు మారుమ్రోగిన 2020 ఏప్రిలులోనే ఆయన కన్నుమూసెను. ఆ సంగతి పత్రికలలో చాలమంది గమనింపలేదు.

దాని కిటుకు సులభము. ప్రాణవాయువు నిండిన నెత్తురు ఎఱ్ఱగా ఉండును. అది తగ్గిన నెత్తురు నల్లబారును. యంత్రము వ్రేలిగుండ రెండు వెలుగులను పంపును. ఒకటి కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగు. రెండవది కంటికి కనబడని పరారుణ కిరణము. ప్రాణవాయువు గల నెత్తురు ఎఱ్ఱని వెలుగును ఎక్కువగా పోనిచ్చును. అది లేని నెత్తురు దానిని త్రాగివేయును. అవతలి ప్రక్కకు చేరిన రెండు వెలుగుల నిష్పత్తినిబట్టి యంత్రము లెక్క కట్టును. నాడి కొట్టుకొనునపుడు మాత్రమే మారు భాగమును తీసికొనును గనుక ఎముక, మాంసము, చర్మము లెక్కలోనికి రావని సిద్ధాంతము.

చర్మము లెక్కలోనికి రాదను మాటవద్దనే చిక్కు వచ్చినది. చర్మమునకు నలుపునిచ్చు మెలనిను అను పదార్థము వెలుగును తానును కొంత త్రాగును. 2020 డిసెంబరులో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక లెక్క ప్రకటించిరి. ఆక్సీమీటరు 92 నుండి 96 వరకు చూపిన రోగుల ధమని నుండి నెత్తురు తీసి పరీక్షింపగా, నిజమైన అంకె 88 కంటె తక్కువగా నున్నవారు తెల్లవారిలో నూటికి 3.6, నల్లవారిలో నూటికి 11.7 అని తేలినది. అనగా నల్లని వ్రేలిపై యంత్రము మూడు రెట్లు ఎక్కువసార్లు "భయము లేదు" అని అబద్ధమాడినది. ఆ అబద్ధమునకు దుర్బుద్ధి కారణము కాదు. యంత్రమునకు అంకె నేర్పినపుడు ఎవరి వ్రేళ్ళు ఎదుట ఉండెనో వారి వ్రేళ్ళనే అది నేర్చుకొనినది. అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన సూచన ప్రకారము పరీక్షకు పదిమంది చాలును. అందు ముదురు చాయవారు ఇద్దరుండిన చాలును. మిచిగన్ లెక్క వెలువడిన పిదప, 2025 జనవరిలో ఆ సంస్థ క్రొత్త చిత్తు సూచనలు ప్రకటించి, 150 మందికి తక్కువ కాకుండ, చర్మపు చాయలన్నియు వచ్చునట్లు పరీక్షింపవలెనని కోరినది. పదిమంది నుండి నూట యేబదికి పోవుటకు ఎందరి రోగముల అనుభవము కావలసివచ్చెనో ఆలోచింపదగును.

అమెరికా నల్లవారి లెక్కను తెచ్చి కోయ, కొండరెడ్డి, లంబాడీ దేహములకు అట్లే అంటగట్టరాదు. ఐనను ఎండలో తునికాకు కోసిన చేయి, మిరప కల్లములో పనిచేసిన చేయి హైదరాబాదు కార్యాలయములోని చేతివలె ఉండవు. చర్మము నల్లబడును, మందమెక్కును, గోళ్ళు బెరడు కట్టును. మందపు గోళ్ళరంగు, చలికి చల్లబడిన వ్రేళ్ళు సైతము ఈ యంత్రమును తికమక పెట్టునని వైద్యులకు తెలిసినదే. కావున అంకె బాగున్నను రోగి ఊపిరికి ఎగశ్వాస పడుచున్నచో రోగినే నమ్మవలెను, యంత్రమును కాదు.

ఈ ప్రాంతమునకు సంబంధించినంతవరకు ఈ చిక్కు మరింత లోతైనది. కోయలలో, కొండరెడ్లలో, మరికొన్ని గిరిజన సంఘములలో సికిల్ సెల్ అను రక్తవ్యాధి వంశపారంపర్యముగా వచ్చుచున్నది. నెత్తురుకణములలో ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిను నిర్మాణములో ఒక్క తునక మారుటయే దీనికి మూలము. అది హిమోగ్లోబిను దోషమేనని లైనస్ పౌలింగ్ బృందము 1949లో తేల్చినది. మారిన తునక ఏదో వెర్నన్ ఇన్‌గ్రామ్ 1950ల నడుమ చూపెను. ఆ మార్పు వలన గుండ్రని కణము ప్రాణవాయువు తగ్గినపుడు కొడవలి వలె వంగి, సన్నని నాళములలో ఇరుకుకొనును. అంతట ఎముకలలో, పొట్టలో, ఛాతీలో ఓర్వరాని నొప్పి. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఆ లక్షణము వచ్చిన బిడ్డకు సాధారణముగా బాధ యుండదు. పైగా మలేరియా నుండి కొంత రక్షణ కలుగునని ఆంథొనీ ఆలిసన్ 1954లో చూపెను. దోమలు పుష్కలముగా నున్న అడవులలో ఈ లక్షణము తరతరములుగా నిలిచియుండుటకు అదియే హేతువు. ఇద్దరి నుండియు వచ్చిన బిడ్డకు మాత్రము జీవితాంతము యాతన.

భద్రాచలము 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో చుట్టునున్న కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. దస్తావేజులు ఇన్నిసార్లు చేతులు మారినను నెత్తురులోని ఆ తునక మారలేదు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వము ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలింపవలెనను ఉద్యమమును ఆరంభించి, తెలంగాణ సహా 17 రాష్ట్రములలోని గిరిజన ప్రాంతములలో నలుబదేండ్ల లోపువారు ఏడు కోట్లమందిని పరీక్షింప సంకల్పించినది. పరీక్ష ఒకసారి చేయునది. నొప్పి మాత్రము చెప్పకుండ, తరచు రాత్రివేళ వచ్చునది. అందువలన అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయము వంటిచోట్ల ఈ రోగుల మణికట్టుకు గడియారము వంటి గ్రాహకమును కట్టి, నాడివేగము, కదలికలు మారు తీరునుబట్టి నొప్పి ఎంతయో కనుగొనుటకు ప్రయత్నములు జరిగినవి. ఇవి ఇంకను పరిశోధన దశలోనివి. ఐనను ఈ రోగులలో ఆక్సీమీటరు అంకెయు, ధమని నెత్తురులోని నిజమైన అంకెయు ఒకదానికొకటి సరిపోవని వైద్యశాస్త్రమునకు తెలియును. ముదురు చర్మము ఒకటి, మారిన నెత్తురు రెండు. రెండును ఒకే బిడ్డలో కలిసినపుడు ఆ చిన్న తెరపై వెలుగు అంకెను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్న సియాటిల్ నగరములోకంటె దుమ్ముగూడెములోను, చర్లలోను ఎక్కువ విలువ గలది.

ఇంతమాత్రమున ఒంటి యంత్రములన్నియు పనికిమాలినవని తలంపరాదు. బెంగుళూరులో తయారైన బెంపు అను కంకణమును చూడుడు. నెలలు నిండక, తూకము తక్కువై పుట్టిన శిశువు మణికట్టుకు దానిని కట్టుదురు. ఈ సీమలో పసిబిడ్డకు దిష్టి తగులకుండ నల్లపూసల తాడు కట్టుట వాడుక గనుక తల్లులకు అది వింతగా తోచదు. బిడ్డ ఒడలు వెచ్చగా నున్నంతవరకు అందు నీలివెలుగు మినుకుమినుకుమనును. ఒడలు చల్లబడినచో రంగు మారి కూత పెట్టును. సుమారు నాలుగు వారములు పనిచేయును. తూకము తక్కువైన శిశువునకు ఒడలు చల్లబడుట ప్రాణాపాయమునకు మొదటి మెట్టు. కూత విన్న తల్లి ఏమి చేయవలెను? బిడ్డను రొమ్మునకు హత్తుకొని, చర్మము చర్మమునకు తగులునట్లు కప్పుకొనవలెను. మందు ఇంటిలోనే ఉన్నది, మందు తల్లియే. యంత్రము చేసినది వేళకు పిలుచుట మాత్రమే.

ఒంటి యంత్రమును తూచుటకు ఇంతకంటె మంచి త్రాసు దొరకదు. అది కూత పెట్టినపుడు పలుకు దిక్కు ఎంత దూరముననున్నది అని అడుగవలెను. గుండెపోటును పసిగట్టు పట్టీ గూడెములోని వృద్ధుని ఛాతీపై అంటించినారనుకొందము. అర్ధరాత్రి అది ప్రమాదము తెలిపినది. వార్త పోవుటకు సెల్‌ఫోను సంకేతము కావలెను; వాగు పొంగినచో 108 వాహనము ఆవలి గట్టుననే నిలుచును. భద్రాచలము నుండి ఖమ్మమునకే సుమారు 120 కిలోమీటర్లు. అట్టిచోట ఆ పట్టీ వృద్ధుని ఇంటివారికి భయమును మాత్రమే మిగుల్చును. కావున పట్టీతోబాటు వంతెనయు, గూడెములోనే ప్రథమ చికిత్స తెలిసిన మనిషియు లెక్కలోనికి రావలెను. యంత్రమును అమ్మువారు ఈ లెక్క చెప్పరు.

భాష సంగతి మరొకటి. ఈ పరికరములు ఇంగ్లీషులో అక్షరములు చూపును, కొన్ని హిందీలో పలుకును. కోయభాషలో పలుకు యంత్రము వచ్చినప్పుడు గాని కోయ అవ్వకు అది తనదనిపించదు.

ఎండకాలపు పనులు మరొక రంగము. తునికాకు కోత ఏప్రిలు, మే నెలలలో సాగును. ఎండ ఎంత తీవ్రమో ఉష్ణమాపకపు అంకెయొక్కటి చెప్పలేదు; గాలిలో తేమ ఎక్కువైనచో చెమట ఆరదు, చెమట ఆరనిచో దేహము చల్లబడదు. ఎండ, తేమ, గాలి మూడింటిని కలిపి కొలుచు పద్ధతిని అమెరికా సైనిక శిక్షణ శిబిరములలో వడదెబ్బ మరణములను తగ్గించుటకై యాగ్లూ, మినార్డ్ అనువారు 1957లో ప్రకటించిరి. నేడు మణికట్టుపై నాడి కొలుచు గడియారము దానికి తోడుగా నిలువగలదు. నీడలో కూర్చుండినను నాడివేగము తగ్గనిచో ఆ మనిషి ఆ పూటకు పని మానవలెనను సూచన దొరకును. చిక్కు ఏమనగా మిరపకాయలు కోయుచున్న చేయి క్షణము నిలువదు. కదలు చేతిపై ఆకుపచ్చ వెలుగుతో నాడి కొలుచు గ్రాహకము కదలికనే నాడి యనుకొని పొరబడవచ్చును. అందులకే ముంజేతికిగాని ఛాతీకిగాని కట్టు పట్టెలను పరిశోధకులు మేలుగా ఎంచుదురు. కూలి కోల్పోకుండ పని మానిపించు ఏర్పాటు ఎవరు చేయుదురు అను ప్రశ్నకు గడియారము జవాబు చెప్పదు.

ఇక రెండవ శాఖకు వత్తము. జాతరలలో "పట్నము చూడర బాబూ" అని పిలుచుచు రంగులపెట్టె చూపించినవారు పెద్దలకు జ్ఞాపకముందురు. పెట్టెకున్న గాజుకంతకు కన్ను ఆనించి చూచిన బాలునకు చుట్టునున్న జాతర మాయమై చార్మినారే ఎదుట నిలిచెడిది. కల్పిత ప్రత్యక్షము ఆ పెట్టెకు పెద్ద తమ్ముడు. రెండు కన్నులకు కొంచెము తేడాగల రెండు బొమ్మలు చూపినచో మెదడు లోతును కల్పించుకొనునని చార్లెస్ వీట్‌స్టన్ 1838లో చూపెను. ఐవన్ సదర్లండ్ 1968లో తలకు తొడుగు తెరను నిర్మించెను. అది ఎంత బరువనగా పైకప్పు నుండి వ్రేలాడదీయవలసివచ్చెను. తల త్రిప్పిన దిక్కునకు బొమ్మయు మారుట దాని విశేషము. 2014లో గూగుల్ సంస్థ అట్టపెట్టెకు రెండు కటకములు బిగించి, సెల్‌ఫోను దూర్చి అదే పని చేయవచ్చునని చూపినది. అట్ట తయారగు సారపాక ప్రక్కననే నివసించువారికి ఆ ఉపాయము ముచ్చట గొలుపక మానదు.

వినోదమునకు పుట్టిన ఈ పెట్టె వైద్యమున ప్రవేశించిన తీరు చెప్పదగినది. కాలిన గాయములకు కట్లు మార్చుట రోగికి నరకము. బలమైన మందులిచ్చినను బాధ పూర్తిగా పోదు. అమెరికాలోని సియాటిల్ నగరమున హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1990ల చివర నుండి అట్టి రోగుల తలకు ఈ తెర తొడిగి మంచులోయను చూపిరి. రోగి ఆ లోయలో తేలిపోవుచు మంచుబొమ్మలపై మంచుముద్దలు విసరుచుండగా దాదులు కట్లు మార్చిరి. బాధ తగ్గినదని రోగులు చెప్పిరి. అటుపిమ్మట మెదడు చిత్రములు తీసిచూడగా బాధకు సంబంధించిన భాగములలో చలనము తగ్గినట్లు కనబడినది. మనస్సు ఒకచోట లగ్నమైనపుడు బాధ వైపు పోవు ధ్యాస తగ్గును. పంటినొప్పితో ఏడ్చు బిడ్డకు చందమామను చూపు తల్లికి ఈ సూత్రము తెలియనిది కాదు. సికిల్ సెల్ నొప్పితో ఆసుపత్రిలో చేరిన పిల్లలకు ఇట్టి తెర తొడిగి, సముద్రగర్భమును చూపి, నొప్పి తగ్గుటను గమనించిన చిన్న పరిశీలన యొకటి 2019లో కాలిఫోర్నియా నుండి వెలువడినది. అది కణమును నిటారు చేయదు, నాళమును తెరువదు. మందునకు బదులు కాదు, మందునకు తోడు. భద్రాచలము ఆసుపత్రి పడకపై నున్న కోయ బాలునకు సముద్రమునకు బదులు అతడెరిగిన గోదావరియు, ఇప్పపూలు రాలు అడవియు చూపవచ్చును. అట్టి చిత్రమును తీయుటకు అమెరికా పోనక్కరలేదు.

ఈ విద్యకు మరొక ఉపయోగము శిక్షణ. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున పదునారుగురు శస్త్రచికిత్స విద్యార్థులపై జరిపిన పరీక్షను 2002లో ప్రకటించిరి. కల్పిత దృశ్యములో అభ్యాసము చేసినవారు పిత్తాశయపు శస్త్రచికిత్సలోని ఒక ఘట్టమును ఇతరులకంటె నూటికి 29 పాళ్ళు త్వరగా ముగించిరి. అభ్యాసము లేనివారు చుట్టుప్రక్కల కణజాలమును గాయపరచు అవకాశము ఐదు రెట్లు ఎక్కువగా నుండెను. మొదటి పొరపాట్లు మనుష్యునిపై గాక నీడబొమ్మపై జరుగుట ఎంత మేలు! కాన్పు కష్టమైనపుడు చేయవలసిన పనులను ఉపకేంద్రములోని ఏ.ఎన్.ఎం. నూరుసార్లు ఇట్లు అభ్యసింప వీలున్నచో నిజమైన రాత్రి ఆమె చేయి వణకదు. తెగిన చేయి ఇంకను నొప్పి పెట్టుచున్నదని చెప్పువారికి అద్దములో రెండవ చేతి ప్రతిబింబమును చూపి ఉపశమనము కలిగించు పద్ధతిని 1990లలో విలయనూరు రామచంద్రన్ చూపెను. ఆ అద్దము పనిని ఈ తెర చేయగలదు.

దోషములును కలవు. కన్ను కదలుచున్నానని చెప్పుచుండగా చెవిలోపలి తూకపు గొట్టములు కదలుట లేదని చెప్పినపుడు తలత్రిప్పు, వాంతి కలుగవచ్చును. మూర్ఛ గలవారి విషయమున జాగ్రత్త వలయును. ఒంటి యంత్రములు ప్రోగుచేసిన అంకెలు ఎవరి వద్ద నిలువయుండును అనునది వేరు బెడద. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టము చేసినది. వేలిముద్ర వేయు మనిషికి తాను దేనికి సమ్మతించుచున్నాడో తన భాషలో చెప్పినప్పుడే ఆ సమ్మతికి అర్థము.

ఈ విద్యను అభ్యసింపగోరు యువకులకు, యువతులకు మార్గము దూరదేశములలోనే లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలో జీవవైద్య యంత్రశాస్త్రము బోధింపబడుచున్నది. 2008లో స్థాపితమై సంగారెడ్డి సమీపమున కందిలో నెలకొన్న హైదరాబాదు ఐ.ఐ.టి.లోను ఆ శాఖ కలదు. గణితము, భౌతికశాస్త్రము గట్టిగా నున్నవారికి శరీరశాస్త్రము తరువాత పట్టుబడును. ఇంజనీరు వైద్యుని ఇంటిగుమ్మము త్రొక్కినపుడు ఏమి జరుగునో హైదరాబాదులోనే ఒక దృష్టాంతము కలదు. అబ్దుల్ కలాముగారు అచ్చటి క్షిపణి ప్రయోగశాలలో పనిచేయు దినములలో నిజామ్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు వచ్చి, క్షిపణికై చేసిన తేలిక పదార్థమును చేతబట్టి చూచిరట. వెంటనే కలాముగారిని ఆసుపత్రికి తీసికొనిపోయి, మూడు కిలోలకు మించిన ఇనుప కట్టుళ్ళను కాళ్ళకు ఈడ్చుకొని నడచు పిల్లలను చూపిరట. మూడు వారములలో 300 గ్రాముల కట్టు తయారైనది. ఈ కథను కలాముగారే అనేక సభలలో చెప్పుచుండిరి. ఇందు గమనింపవలసినది క్షిపణి కాదు. ఆసుపత్రి వరండాలో ఆ పిల్లల నడకను కంటితో చూచుట.

ఇట్టి విషయములు తెలుగులో చెప్పవీలుకాదను వాదమునకు గ్రంథాలయములు ఏనాడో జవాబు చెప్పినవి. ఖమ్మమునకు పొరుగుననున్న పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్రతోబాటు ప్రకృతి శాస్త్రములపైనను తెలుగు గ్రంథములు వెలువరించిరి. ఆక్సీమీటరు ఎట్లు పనిచేయునో, ఎప్పుడు తప్పునో తెలుపు చిన్న పొత్తము తెలుగులో నొకటి, కోయభాషలో తెలుగులిపితో నొకటి ఈ గ్రంథాలయపు బీరువాలో ఉండదగినది.

ఆక్సీమీటరు ఈ సీమ వ్రేళ్ళపై నిజము చెప్పునో లేదో తేల్చుటకు కోట్ల రూపాయలు అక్కరలేదు. మిచిగన్ వైద్యులు క్రొత్త యంత్రమేదియు కొనలేదు. రోగి చికిత్సకై ఎట్లును తీయు ధమని నెత్తురు అంకెను, అదే సమయమున వ్రేలిపై యంత్రము చూపిన అంకెను ప్రక్కప్రక్కన ఉంచి చూచిరి. ధమని నెత్తురు పరీక్షించు సౌకర్యము గల ఏ ఆసుపత్రిలోనైనను ఆ పని జరుగవచ్చును. దానికి కావలసినవి రోగి సమ్మతి, గోడగడియారము, రెండు గడులు గీసిన నోటుపుస్తకము.